కుక్కర్ తెలిసిన చేతికి కారు వేడి తెలియదా?

ఎండలు ముదిరాయంటే మన పనులూ ముదురుతాయి. ఒకపక్క వడియాలు, ఒరుగులు, ఆవకాయ జాడీలు. ఇంకోపక్క పిల్లల సెలవులు, పెళ్ళిళ్ళు, పుట్టింటి ప్రయాణాలు. సరిగ్గా ఆ ప్రయాణాల్లోనే ఇంట్లో ఉన్న పాత కారు మొరాయిస్తుంది. రోడ్డు పక్కన బానెట్ ఎత్తిపెట్టి ఉంటుంది. లోపల్నుంచి ఆవిరి చిమ్ముతూ ఉంటుంది. చంకలో బిడ్డతో, నెత్తిన కొంగు కప్పుకుని ఆ ఇల్లాలు చెట్టునీడ కోసం వెతుక్కుంటూ ఉంటుంది. మా గౌడవెల్లి నుంచి కొంపల్లి, సుచిత్ర మీదుగా సికింద్రాబాద్ వెళ్ళే దారిలో ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి కుటుంబాలు తరచుగా కనబడుతుంటాయి.

"కార్ల సంగతి మగవాళ్ళది, మనకెందుకు?" అని పేజీ తిప్పెయ్యకండి. ఆ కారు కొన్నది చిట్టీ డబ్బుతోనో, మన గాజులు కుదువపెట్టిన డబ్బుతోనో అయి ఉంటుంది. అందులో కూర్చునేది మన పిల్లలు. పైగా ఇంజను వేడెక్కడం అనేది మనకు తెలియని విద్యేమీ కాదు. రోజూ ప్రెషర్ కుక్కర్ పెట్టే చేతికి ఇది అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదు. నమ్మకం లేదా? చదవండి మరి.

కారులో కుక్కర్ ఎక్కడుంది?

పెట్రోలు మండి పుట్టే వేడిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది పావు వంతో, మహా అయితే మూడో వంతో. మిగతాది ఒట్టి వేడి. కొంత సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. ఇంకొంత ఇంజనులోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి మోసుకెళ్ళడానికి ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. వాటిని తిప్పేది వాటర్ పంపు. వేడి నీళ్ళు ముందున్న రేడియేటర్‌లోకి వస్తాయి. రేడియేటర్ అంటే సన్నటి గొట్టాలూ పల్చటి రేకులూ ఉన్న జాలీ. ఎదురుగాలి, ఫ్యాను గాలి తగిలి ఆ నీళ్ళు చల్లారి మళ్ళీ ఇంజనులోకి పోతాయి. కాఫీని గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లార్చినట్టే.

ఇంజను మామూలుగా పనిచేసే వేడి 90 డిగ్రీల దగ్గర. హైదరాబాద్ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు కాబట్టి మూతలేని గిన్నెలో నీళ్ళు ఇక్కడ 98 డిగ్రీలకే మరుగుతాయి. అంటే మధ్యలో ఉన్నది పదిలోపు డిగ్రీలే. అందుకే రేడియేటర్‌కి బిగుతు మూత పెట్టారు. మన కుక్కర్ మూతకు వెయిట్ ఉన్నట్టు, ఆ మూతలో ఒక స్ప్రింగు, దాని కింద రబ్బరు గాస్కెట్ ఉంటాయి. లోపల ఒత్తిడి పెరుగుతుంది, నీళ్ళు మరిగే వేడి కూడా పెరుగుతుంది. చాలా చిన్న కార్లలో ఆ మూత చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోల ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. అప్పుడు నీళ్ళు 115 డిగ్రీలు దాటితేగానీ మరగవు. కుక్కర్‌లో పప్పు తొందరగా ఉడికే కిటుకే ఇక్కడ ఇంజనును కాపాడుతుంది.

కుక్కర్ గాస్కెట్ గట్టిపడితే ఏమవుతుంది? విజిల్ రాదు, పక్కలనుంచి ఆవిరి పోతుంది, నీళ్ళు ఇంకిపోయి అడుగు మాడుతుంది. రేడియేటర్ మూత గాస్కెట్ గట్టిపడినా అంతే. కాకపోతే ఇక్కడ మాడేది పప్పు కాదు, ఇంజను.

ముల్లు లేచింది... ఇప్పుడేం చెయ్యాలి?

డ్రైవరు ముందున్న అద్దాల్లో పెట్రోలు మీటరు పక్కన సాధారణంగా ఇంకో చిన్న మీటరు ఉంటుంది. ఒక చివర సి, ఇంకో చివర హెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. సి అంటే చల్లన, హెచ్ అంటే వేడి. కొన్ని కార్లలో మీటరు బదులు ఎర్రలైటు ఒక్కటే వెలుగుతుంది. నడిపేవాళ్ళ కళ్ళు రోడ్డు మీద ఉంటాయి. పక్క సీట్లో ఉన్న మనకు ఆ ముల్లు మీద కన్నుండాలి. మామూలుగా ఎక్కడ నిలబడుతుందో కారు బాగున్న రోజుల్లోనే చూసి గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి పైకి జరగడం మొదలైతే వెంటనే చెప్పండి.

1. ముందు ఏసీ ఆపండి. ఏసీ జాలీ రేడియేటర్‌కి ఎదురుగా ఉంటుంది. దాని వేడిగాలంతా రేడియేటర్ మీదికే వస్తుంది.

2. ట్రాఫిక్‌లో ఇరుక్కుని పక్కకు తియ్యడానికి వీల్లేకపోతే, అద్దాలు దించి హీటరు పూర్తిగా పెట్టండి. ఈ ఎండలో హీటరేమిటని నవ్వకండి. హీటరు కూడా ఓ చిన్న రేడియేటరే. ఇంజను వేడి కొంత మన మీదికి లాగుతుంది. రెండు నిమిషాలు మనం ఉక్కిరిబిక్కిరైనా పరవాలేదు.

3. ముల్లు హెచ్ దగ్గరికి పోయినా, ఎర్రలైటు వెలిగినా, ఆవిరి కనబడినా ఇక ఆలోచన లేదు. ఎడమపక్కకు తీసి ఇంజను ఆపండి. పిల్లల్ని రోడ్డు వైపు కాకుండా రెండో వైపు దింపి దూరంగా నిలబెట్టండి.

4. ఆవిరి వస్తున్నంతసేపూ బానెట్ ఎత్తకండి. తగ్గాక ఎత్తి అలా వదిలెయ్యండి. కనీసం ముప్పావుగంట పడుతుంది. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను ఒక్కసారిగా తిరుగుతుంది. కొంగు, చున్నీ, జడ, గాజులు దాని దరిదాపులకు పోకూడదు.

5. వేడిమీద రేడియేటర్ మూత తియ్యకండి. విజిల్ పోకుండా కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఒత్తిడి పోగానే 110 డిగ్రీల నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహంమీద కొడతాయి. పూర్తిగా చల్లారాక, మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి, కొంచెం తిప్పి ఆపండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే నొక్కి తియ్యండి.

6. వేడి ఇంజనులో గానీ, పైన గానీ చల్లటి నీళ్ళు పొయ్యకండి. కాలిన గాజుగ్లాసు మీద చన్నీళ్ళు పోసినట్టే. లోహం పగుళ్ళు ఇవ్వొచ్చు.

ఒకవేళ ఆవిరి తగిలి చెయ్యి కాలితే, 20 నిమిషాలు ధారగా మామూలు నీళ్ళు పొయ్యండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యండి. పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏవీ రాయకండి. ఐసు కూడా పెట్టకండి. మొహం కాలినా, పెద్దగా బొబ్బలెక్కినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

జ్వరం ఎప్పుడొస్తోంది?

చల్లారింది, నీళ్ళు పోశాం, కారు కదిలింది. చాలా ఇళ్ళలో కథ ఇక్కడితో ఆగిపోతుంది. డిక్కీలో రెండు సీసాల నీళ్ళు పెట్టుకుని తిరగడం అలవాటైపోతుంది. అది జ్వరానికి తడిగుడ్డ వేసి ఊరుకోవడం లాంటిది. వేడి తగ్గుతుంది, రోగం ఉంటుంది.

పిల్లకు జ్వరమొస్తే డాక్టరుగారు మొదట ఏమడుగుతారు? పొద్దున వస్తోందా, సాయంత్రమా? చలితో వస్తోందా, ఊరికేనా? కారుకు కూడా రెండే ప్రశ్నలు. ఒకటి, ఎప్పుడు వేడెక్కుతోంది? రెండు, నీళ్ళు ఎటు పోతున్నాయి? ఈ రెండింటికి జవాబు చెప్పగలిగితే సగం రోగం పట్టుకున్నట్టే. ఆ జవాబులు మెకానిక్ దగ్గర ఉండవు. కారులో రోజూ కూర్చునే మన దగ్గరే ఉంటాయి.

నిలబడితేనే వేడెక్కుతోందా? సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర ముల్లు లేచి, రోడ్డెక్కి గాలి తగలగానే దిగిపోతోందా? అయితే అనుమానం ఫ్యాను మీద. కదిలేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది, నిలబడితే ఫ్యానే దిక్కు. మారుతి 800 లాంటి కార్లలో ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది. దాని ఫ్యూజు పోవచ్చు, వైరు వదులవ్వచ్చు, వేడి చూసి ఫ్యాను వేసే స్విచ్చి చెడిపోవచ్చు, మోటారే కాలిపోవచ్చు. ఈ వరసలోనే చూడమనండి, ఎందుకంటే ఖర్చు కూడా ఇదే వరసలో పెరుగుతుంది. అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది కాబట్టి అక్కడ మొదట బెల్టు చూడాలి.

పరిగెత్తితే వేడెక్కుతోందా? ఊళ్ళో బాగానే ఉండి, 44వ నంబరు హైవే మీద కామారెడ్డి వైపో, బాసర అక్షరాభ్యాసానికో పోతుంటే ముల్లు లేస్తోందా? ఘాటు ఎక్కేటప్పుడు లేస్తోందా? అప్పుడు ఫ్యాను మీద అనుమానం తక్కువ. గాలి పుష్కలంగా ఉన్నా వేడి పోవడం లేదంటే నీళ్ళు చాలినన్ని లేవు, లేదా తిరగడం లేదు. రేడియేటర్ గొట్టాల్లో పొర పట్టి ఉండొచ్చు, బయట జాలీలో దుమ్మూ పురుగులూ మట్టీ కూరుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంపు అరిగిపోయి ఉండొచ్చు. జాలీ సంగతి మనమే చూడొచ్చు. బండి చల్లగా ఉన్నప్పుడు మెల్లని నీళ్ళధారతో కడిగితే చాలు. గట్టి ధార కొడితే రేకులు వంగిపోతాయి.

బయల్దేరిన పది నిమిషాలకే వేడెక్కుతోందా? ముల్లు పైకి పోయినా రేడియేటర్‌లోకి వచ్చే పై పైపు ఇంకా చల్లగానే ఉందా? అయితే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. అది నీళ్ళ దారికి వేసిన తలుపు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు మూసి ఉండి, సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే నీళ్ళు రేడియేటర్ దాకా రానే రావు. పైపు ముట్టి చూసే పని మెకానిక్‌కి వదలండి. ఇంజను తిరుగుతుండగా మన చెయ్యి అక్కడికి పోకూడదు.

ముల్లు లేవడంతోపాటు బ్యాటరీ గుర్తు ఎర్రలైటు కూడా వెలిగిందా? చాలా పాత కార్లలో వాటర్ పంపునూ, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరునూ తిప్పేది ఒకటే బెల్టు. రెండు జబ్బులు ఒక్కసారే వచ్చాయంటే ఆ బెల్టు తెగిపోయి ఉంటుంది. ఇక నీళ్ళు పోసినా లాభం లేదు, తిప్పేదే లేదు కదా. అక్కడే ఆపి బండిని లాగించుకు వెళ్ళాల్సిందే.

ఒక్క మాటతో తేలిన సంగతి

మా వీధిలో ఒక వదిన ఉన్నారు. వాళ్ళ పాత కారు వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, "రేడియేటర్ పోయిందక్కా, కొత్తది ఎయ్యాలె" అన్నారట. వేలల్లో బేరం. వాళ్ళాయన సరేననబోతుంటే వదిన అడ్డుపడ్డారు. "పోయేటప్పుడు ఏం గాదు తమ్మీ. ఆగితెనే ముల్లు లేస్తది. మేడ్చల్ సంతకు పోయినప్పుడు చూసిన, మొన్న గేటు కాడ గూడ చూసిన. రేడియేటర్ ఖరాబైతే ఉరికేటప్పుడు గూడ లేవాలె గద?" అన్నారు. అతను తల గోక్కుని, ఇంజను స్టార్టు చేసి, వేడెక్కేదాకా ఆగి చూశాడు. ఫ్యాను తిరగలేదు. వైరు జాయింటు తుప్పు పట్టి వదులైపోయింది. గీకి, బిగించి, టేపు చుట్టాడు. ఆ వదిన చదువు ఐదో తరగతి. కారు నడపడం రాదు. కానీ చూసింది చూసినట్టు చెప్పారు. మెకానిక్ మంచివాడైనా కాకపోయినా అలాంటి మాట ముందు నిలబడి చూడాల్సిందే.

నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఇక రెండో ప్రశ్న. బాగున్న కారులో నీళ్ళు తరగకూడదు. వేడెక్కి ఉబ్బిన నీళ్ళు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోయి, చల్లారాక మళ్ళీ రేడియేటర్‌లోకే వస్తాయి. డబ్బా మీద ఫుల్, లో అని గీతలుంటాయి. వారానికోసారి, పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పాల ప్యాకెట్ తెచ్చుకున్నంత తేలిగ్గా చూసుకోవచ్చు.

తరిగితే రాత్రి పడుకునే ముందు కారు కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి పెట్టండి. పొద్దున వాకిట్లో ముగ్గు వెయ్యడానికి లేచినప్పుడు చూడండి. ఆకుపచ్చగానో, ఎర్రగానో, తుప్పు రంగుగానో మరక ఉంటే నీళ్ళు బయటికి కారుతున్నట్టు. మరక కారు ముందువైపు కింద ఉంటే రేడియేటర్, ఇంజను పక్కన బెల్టు వైపు ఉంటే వాటర్ పంపు, మధ్యలో ఉంటే రబ్బరు పైపులు లేదా వాటి క్లిప్పులు. ఒక్క జాగ్రత్త. ఏసీ వేసి వచ్చాక కింద పడే తేటనీళ్ళు మామూలే, అవి చూసి భయపడొద్దు.

కారు లోపల ముందు సీటు కింద కాలిపట్టా తడిగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే, డాష్‌బోర్డు వెనకున్న హీటరు కారుతోందన్నమాట.

పక్క డబ్బా నిండుగా ఉంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతోంది, అలా ఉందా? తప్పు మూతది. ఆ మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. చల్లారేటప్పుడు డబ్బాలోని నీళ్ళు వెనక్కి లాగేది అదే. అది పట్టేస్తే నీళ్ళు వెనక్కి రావు, చల్లారాక రబ్బరు పైపు చప్పిడి బుగ్గలా లోపలికి పోయి కనబడుతుంది. మూత కొత్తది కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. రబ్బరు పగుళ్ళిస్తే కుక్కర్ గాస్కెట్ మార్చినట్టే మార్చెయ్యండి. ఒక్కటే షరతు. పాత మూత మీద ఉన్న ఒత్తిడి నంబరే కొత్తదానిమీద కూడా ఉండాలి.

కనబడకుండా పోయే నీళ్ళు

పేపరు మీద మరక లేదు, కాలిపట్టా పొడిగా ఉంది, అయినా నీళ్ళు తరుగుతున్నాయి. ఇదే అన్నిటికన్నా భయపడాల్సిన రకం. ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య హెడ్ గాస్కెట్ అని పల్చటి రేకులాంటిది ఉంటుంది. నీళ్ళు, నూనె, మంట ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే గోడ అది. బండిని వేడిమీద నడిపితే పైనున్న అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. ఈ గోడకు సందు పడుతుంది. నీళ్ళు మంటలోకి పోయి ఆవిరవుతాయి.

గుర్తులు ఇవీ. సైలెన్సర్ నుంచి తెల్లటి, తియ్యటి వాసనగల పొగ ఇంజను వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా పొంగుతాయి. స్టార్టు చేసిన కాసేపటికే రబ్బరు పైపులు రాయిలా గట్టిపడతాయి. ఆయిలు పోసే మూత తిప్పి చూస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగులో జిగట కనబడుతుంది. ఈ చివరిది ఒక్కటే చూసి కంగారు పడకండి. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో చలికాలం చెమ్మకు కూడా కొంచెం పేరుకుంటుంది. రెండు మూడు గుర్తులు కలిస్తే మాత్రం ఇక నడపకండి. గాస్కెట్ మార్చడం, హెడ్ చదును చేయించడం వేలల్లో పని. అప్పుడు కూడా నడిపితే ఇంజనే బోరుకొస్తుంది. అది పాత కారు ఖరీదులో పెద్ద వాటానే మింగేస్తుంది.

ముల్లు అబద్ధం చెప్తే?

ముల్లు కూడా అప్పుడప్పుడు తప్పు చెప్తుంది. తాళం తిప్పగానే, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే హెచ్ దగ్గరికి ఎగిరిందంటే వైరు సంగతే. కానీ బాగా వేడెక్కిన ముల్లు ఉన్నట్టుండి సి దగ్గరికి పడిపోతే 'హమ్మయ్య, తగ్గింది' అనుకోకండి. వేడి చూసే సెన్సరు నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగా చెప్తుంది. నీళ్ళన్నీ అయిపోతే అది ఒట్టి గాలిలో ఉండి చల్లగా ఉందని చూపించొచ్చు. గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయాక మరిగే చప్పుడు ఆగిపోయినట్టు. వెంటనే ఆపండి.

వంటింట్లో ఒక పరీక్ష

థర్మోస్టాట్ మీద అనుమానం వస్తే కొందరు మెకానిక్‌లు దాన్ని పీకేసి, "మన ఎండలకు ఇది అవసరం లేదక్కా" అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. తీసిన ముక్క ఇంటికి తెచ్చుకోండి. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి, అడుగుకు తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. నీళ్ళు మరగడానికి కాస్త ముందు మధ్యలో బిళ్ళ మెల్లగా తెరుచుకోవాలి. తీసి చల్లారబెడితే మూసుకోవాలి. నీళ్ళు తెర్లుతున్నా తెరుచుకోకపోతే అది చచ్చినట్టే. కొత్తది వేయించండి. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి తేవొద్దు. ఎందుకో కిందే చెప్తాను.

బోరు నీళ్ళు వద్దు

మన వైపు బోరు నీళ్ళతో గీజరు రాడ్డు మీద తెల్లటి సున్నంపొర ఎంత తొందరగా పడుతుందో మనకు తెలియంది కాదు. అవే నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే ఆ సన్న గొట్టాల్లోనూ అదే పొర. బయట గాలి ఎంత తగిలినా వేడి ఆ పొర దాటి రాదు. హైవే మీద వేడెక్కే కార్లలో చాలావాటి జబ్బు ఇక్కడే మొదలవుతుంది. దారిలో గత్యంతరం లేనప్పుడు తాగే నీళ్ళు పొయ్యండి, బండి కదిలితే చాలు. ఇంటికి వచ్చాక అది తీయించి కూలెంట్ పోయించండి. కూలెంట్ చిక్కగా ఉంటే డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్ళు, డబ్బా మీద రాసిన పాళ్ళలో కలపాలి. ముందే కలిపినవి కూడా దొరుకుతాయి. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని ఇంకొంచెం పెంచుతుంది.

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట. చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. రంగు షర్బత్‌లా ఉంటుంది, రుచి తియ్యగా ఉంటుంది, కానీ విషం. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పాడవుతాయి, ప్రాణాలు పోవచ్చు. మిగిలింది కూల్‌డ్రింకు సీసాలో పోసి ఎప్పుడూ దాచకండి. పిల్లలకు అందకుండా దాని డబ్బాలోనే పైన పెట్టండి. తీసేసిన పాత కూలెంట్ వాకిట్లో పారబోస్తే కుక్కలు, పిల్లులు, మేకలు నాకుతాయి. బిడ్డ ఒక్క గుక్క తాగిందని తెలిసినా గుర్తులు కనబడేదాకా ఆగకండి, వాంతి చేయించకండి, డబ్బాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పద్దుల పుస్తకంలో ఒక పేజీ

పాలపద్దు, చిట్టీపద్దు రాసే పుస్తకంలోనే కారుకు ఒక పేజీ కేటాయించండి. తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, నీళ్ళు ఎన్ని గ్లాసులు తరిగాయి, ముల్లు ఎక్కడ లేచింది, అప్పుడు ఏసీ ఉందా లేదా, నిలబడి ఉన్నామా పోతున్నామా. ఇంతే. నెలకో గ్లాసు తరిగేది వారానికో గ్లాసు అయిందంటే సంగతి ముదురుతోందని ఆ పేజీయే చెప్తుంది. షెడ్డుకు పోయేటప్పుడు ఆ పేజీ చూపించండి.

మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు. తర్వాత పరీక్ష నెగ్గితే ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు. అంటే ఆ కారును ఇంకా కొన్నాళ్ళు తిప్పుకోవాలనుకునే ఇళ్ళు చాలానే ఉంటాయి. పాతదైనంత మాత్రాన వేడెక్కాలని ఎక్కడా లేదు. మన అమ్మమ్మల కాలం ఇత్తడి గిన్నెలు కళాయి పోస్తే ఇవాళ్టికీ పనికొస్తున్నాయి కదా.

చివరగా, కారులో ఎప్పుడూ వినబడే ఒక మాట ఉంది. "ఇంకో కిలోమీటరే కదా, ఇంటికి పోయాక చూద్దాంలే." కొన్ని వందల్లో పోయే పనిని వేలల్లోకి తెచ్చేది ఆ ఒక్క కిలోమీటరే. మీవారు అన్నా, అబ్బాయి అన్నా, మరిదిగారు అన్నా ఒప్పుకోకండి. పొయ్యి మీద కుక్కర్ మాడు వాసన వస్తుంటే "ఇంకో విజిల్ రానీ" అంటామా? టక్కున పొయ్యి కట్టేస్తాం. ఇక్కడా అంతే. "బండి పక్కకు తియ్యండి" అని గట్టిగా చెప్పండి. ఆ మాట చెప్పడానికి డ్రైవింగు లైసెన్సు అక్కర్లేదు.